పబ్ మేడ మీది కామెడీ థియేటర్‌కి మొదటిసారి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో చాలా పబ్బుల్లో ఓ మూల సన్నటి మెట్లు కనిపిస్తాయి. పైకెళ్తే యాభై కుర్చీలు, నాలుగు లైట్లు, ఒక మైకు. పెద్ద హాళ్లలో చూసినదానికంటే మంచి కామెడీ నాకు ఈ గదుల్లోనే దొరికింది. ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లని వెంటబెట్టుకుని వెళ్తుంటాను. బయల్దేరే ముందు అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు. ఒకచోట రాసి పెడితే ఒంటరిగా వెళ్లేవాళ్లకి కూడా ధైర్యంగా ఉంటుందని రాస్తున్నాను.

పబ్బులో ఓ మూల మైకు పెట్టి జోకులు చెబుతారా, లేక నిజంగా థియేటరేనా?

నిజంగా థియేటరే. కింద పబ్ మామూలుగా నడుస్తూ ఉంటుంది. పైన గది వేరు: తలుపు వేస్తారు, లైట్లు ఆర్పుతారు, టికెట్ ఉన్నవాళ్లే లోపల ఉంటారు. చాలాచోట్ల పబ్ నడిపేవాళ్లు వేరు, థియేటర్ నడిపేవాళ్లు వేరు. హైబరీ కార్నర్‌లో ఉన్న హెన్ అండ్ చికెన్స్ థియేటర్‌లో 54 సీట్లు. మిగతావి కూడా చాలావరకు కాస్త అటూ ఇటూగా అంతే.

గోడలకి నల్ల రంగు, తక్కువ ఎత్తు కప్పు, దగ్గరదగ్గరగా వేసిన కుర్చీలు. కింద ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే ఆ గోల పైకి వినిపిస్తుంది. ఓసారి ఒక అమ్మాయి స్టేజీ మీద తన తాతగారి చివరి రోజు గురించి చెబుతోంది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆసుపత్రిలో ఆయన కళ్లు మూసుకున్నారు అని ఆమె అన్న క్షణంలోనే కింద ఎవరో గోల్ కొట్టారు. నేల అదిరేలా ఒకటే కేక. ఆమె ఆగింది. తన కాళ్ల కిందికి చూసింది. మెల్లగా, "ఆయన అందరికీ అంత నచ్చేవాడు కాదని నాకు తెలుసు గానీ..." అంది. ఆ తర్వాత రెండు నిమిషాలు ఆమె మాట్లాడలేకపోయింది, మేం నవ్వు ఆపలేకపోయాం. ఆ జోకు ఏ స్క్రిప్టులోనూ లేదు, ఇంకెక్కడా మళ్లీ జరగదు కూడా.

ఇలా పబ్బుల మీద థియేటర్లు ఎందుకు వచ్చాయి?

1737 నుంచి బ్రిటన్‌లో నాటకం వేయాలంటే స్క్రిప్టుని ముందు లార్డ్ చాంబర్లేన్ అనే రాజాస్థాన అధికారి ఆఫీసుకి పంపి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. రాసి పంపి, అక్కడ ఒప్పుకున్న మాటలే స్టేజీ మీద చెప్పాలి. అప్పటికప్పుడు అల్లి చెప్పే హాస్యానికి ఇది ఎంత అడ్డో ఆలోచించండి. 1968లో థియేటర్స్ యాక్ట్ వచ్చి ఆ సెన్సార్‌ని తీసేసింది. చెప్పాలనుకున్నది చెప్పగలిగే వీలు కలిగింది. కానీ కొత్తగా షోలు వేయాలనుకునే కుర్రాళ్ల దగ్గర హాలు అద్దెకి డబ్బు లేదు. పబ్బులకేమో మీటింగులకీ పార్టీలకీ తప్ప ఉపయోగపడని గదులు ఉన్నాయి. అద్దె తక్కువైనా ఆ గదికి వచ్చే యాభై మంది కింద తాగితే పబ్బుకి లాభమే. రెండు అవసరాలు అలా కలిశాయి.

1970లో డాన్ క్రాఫర్డ్ ఇస్లింగ్టన్‌లోని కింగ్స్ హెడ్ పబ్ వెనక గదిలో థియేటర్ పెట్టారు. బ్రిటన్ 1971లో పౌండుకి వంద పెన్నీల లెక్కకి మారిపోయినా ఆ బార్‌లో మాత్రం ఇంకా చాలా ఏళ్లు పాత షిల్లింగుల లెక్కలోనే ధర చెప్పేవారు. 1972లో షెపర్డ్స్ బుష్‌లో ఓ పబ్ పైన బుష్ థియేటర్ మొదలైంది. 1979లో గేట్, ఓల్డ్ రెడ్ లయన్ అనే పబ్ థియేటర్లు వచ్చాయి. అదే ఏడాది మే నెలలో సోహోలో కామెడీ స్టోర్ తెరుచుకుంది. అది పబ్ పైన కాదు, ఓ స్ట్రిప్ క్లబ్ పైన. ఆనాటి కొత్త తరం స్టాండప్‌కి అదే పుట్టిల్లు. వీటిలో కొన్ని తర్వాత సొంత గూడు చూసుకున్నాయి. బుష్ 2011లో పాత లైబ్రరీ భవనంలోకి, కింగ్స్ హెడ్ 2024లో పబ్ వెనకే కట్టిన కొత్త థియేటర్‌లోకి మారాయి.

నేను మందు ముట్టను. పబ్బులోకి వెళ్తే ఇబ్బందిగా ఉండదా?

ఉండదు. అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇక్కడ పబ్ అంటే సగం మందికి తాగే చోటు కాదు, కలుసుకునే చోటు. లైమ్ అండ్ సోడా అడగండి: సోడాలో నిమ్మ సిరప్ కలిపి ఇస్తారు, చవక కూడా. ఆల్కహాల్ లేని బీర్లు ఇప్పుడు దాదాపు ప్రతిచోటా ఉంటాయి. ఏమీ వద్దనుకుంటే కుళాయి నీళ్లు అడగండి. ఇంగ్లండ్, వేల్స్‌లో మందు అమ్మే లైసెన్సున్న చోట కస్టమర్ అడిగితే తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది లైసెన్సు నిబంధన.

టేబుల్ దగ్గరకి ఎవరూ వచ్చి అడగరు. మీరే కౌంటర్ దగ్గరకి వెళ్లి, చెప్పి, అక్కడికక్కడే డబ్బు కట్టి గ్లాసు తెచ్చుకోవాలి. లైను కనిపించదు, కానీ ఎవరు ముందొచ్చారో అందరికీ గుర్తుంటుంది. మీ పక్కనాయన ముందు వచ్చి ఉంటే, బార్‌లో వాళ్లు మిమ్మల్ని అడిగినా ఆయన్ని చూపించండి. టిప్ ఇవ్వక్కర్లేదు.

తాగేవాళ్లకి ఒక్క మాట. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. గంటసేపు ఇంటర్వెల్ లేని షోకి ముందు అంత ద్రవం వద్దు. చాలా గదులకి తలుపు ఒక్కటే, అది స్టేజీ పక్కనే ఉంటుంది. సగం పైంట్ అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. గ్లాసు పైకి తీసుకెళ్లనిస్తారు. కొన్నిచోట్ల ప్లాస్టిక్ గ్లాసులోకి పోయించుకోమంటారు.

టికెట్ ఎంత? ముందే కొనాలా?

మామూలుగా 10 నుంచి 20 పౌండ్ల మధ్య ఉంటుంది. కొత్తవాళ్లు ప్రయత్నించే రాత్రులు ఇంకా చవక. కొన్ని ఉచితం, చివర్లో బకెట్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడతారు. అప్పుడు మీకు నచ్చినంత వేయండి. కానీ వేయండి. ఆ రాత్రి వాళ్ల ఆదాయం అదే కావచ్చు.

శుక్ర, శనివారాలకి ముందే కొనండి. యాభై సీట్లు అయిపోవడానికి ఎంతోసేపు పట్టదు. మంగళవారం, బుధవారం అయితే నేరుగా వెళ్లినా దొరుకుతుంది. టికెట్ కౌంటర్ అంటే పెద్ద కిటికీ ఏదీ వెతకొద్దు. మెట్ల కింద ఓ చిన్న బల్ల, దాని మీద పేర్ల కాగితం, చేతి మీద వేసే స్టాంపు.

స్టాండప్ ఒక్కటేనా, ఇంకేమైనా ఉంటాయా?

స్టాండప్ మిక్స్‌డ్ బిల్ అంటే షోని నడిపించే వ్యాఖ్యాత, అంటే ఒక ఎంసీ, ముగ్గురు నలుగురు కమెడియన్లు. ఒక్కొక్కరు పది నుంచి ఇరవై నిమిషాలు చెబుతారు, చివర వచ్చేవాళ్లు హెడ్‌లైనర్, అంటే ఆ రాత్రి ముఖ్య కమెడియన్. ఇంప్రొవ్ అంటే మన ఆశువు లాంటిది: మీరు ఓ మాట అందిస్తే దాని మీద అప్పటికప్పుడు కథ అల్లుతారు. అవధానం చూసి ఎదిగినవాళ్లకి ఇందులో ఉండే సరదా చెప్పక్కర్లేదు. స్కెచ్ షో అంటే చిన్నచిన్న నాటికలు.

నా ఓటు మాత్రం వర్క్ ఇన్ ప్రోగ్రెస్ అని రాసి ఉండే షోలకి. ఎడిన్‌బరాలో 1947లో మొదలైన ఫ్రింజ్ అనే రంగస్థల కళల ఉత్సవం ఆగస్టులో జరుగుతుంది. దానికి వెళ్లే కమెడియన్లు తమ గంట షోని జూన్, జూలై నెలల్లో లండన్ మేడ గదుల్లో పరీక్షించుకుంటారు. టీవీలో కనిపించే వాళ్లని కూడా ఈ రోజుల్లో చవగ్గా, ఆరడుగుల దూరంలో చూడొచ్చు. చేతిలో కాగితాలు ఉంటాయి, మధ్యలో మరిచిపోతారు, వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతారు.

ఓ జులై రాత్రి నేను రెండో వరసలో ఉన్నాను. స్టేజీ మీద ఉన్న కమెడియన్ స్టూలు మీద స్పైరల్ నోట్‌బుక్ పెట్టుకుంది, చెవి వెనక పెన్సిల్. ఒక జోకు చెప్పింది. నవ్వు వచ్చింది, టిక్ పెట్టింది. తర్వాతి దానికి ఎవరూ నవ్వలేదు, అడ్డంగా గీత కొట్టింది. మూడో దానికి గదిలో ఒకాయన మాత్రం ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. ఆమె పెన్సిల్ అలాగే గాల్లో పట్టుకుని, ఆయన్ని కాసేపు చూసి, పక్కన ప్రశ్నార్థకం వేసింది. ఆ పేజీ నాకు కనిపిస్తూనే ఉంది. సెప్టెంబర్‌లో ఆ షో మళ్లీ పెద్ద హాల్లో చూశాను. ఆ మూడో జోకు అందులో ఉంది, వాక్యం తిరగేసి చెప్పింది, హాలంతా నవ్వింది. ఈ గదుల్లో కూర్చున్నవాళ్లు ఊరికే చూసేవాళ్లు కాదని నాకు తెలిసింది ఆ రోజే. మీ నవ్వు, మీ మౌనం రెండూ ఆ నోట్‌బుక్‌లోకి వెళ్తాయి.

ఎన్నింటికి చేరుకోవాలి? ఆలస్యమైతే?

చాలా షోలు ఏడున్నరకో ఎనిమిదికో మొదలవుతాయి. అరగంట ముందు చేరండి. సీటు నంబర్లు ఉండవు, ముందు వచ్చినవాళ్లకి నచ్చిన చోటు.

ఆలస్యమైతే కొన్నిచోట్ల రానివ్వరు, కొన్నిచోట్ల ఇంటర్వెల్ దాకా ఆగమంటారు. ఓసారి రైలు ఆగిపోయి నేను పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. తలుపు తీస్తే నేరుగా స్టేజీ మీదకే తెరుచుకుంది. కమెడియన్ ఓ కథ చెబుతూ మంచి పట్టులో ఉన్నాడు. నా వల్ల అది తెగిపోయింది, మళ్లీ అందుకోవడానికి చాలాసేపు పట్టింది. అతను నన్నేమీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి నేను అరగంట ముందే వెళ్తున్నాను.

ముందు వరసలో కూర్చుంటే ఏడిపిస్తారని టెన్షన్‌గా ఉంది.

ఏడిపించరు, పలకరిస్తారు. పేరేంటి, ఏం పని చేస్తారు, పక్కన ఉన్నది ఎవరు. ఎంసీకి ఇది అవసరం. యాభై మంది అపరిచితుల్ని ఒక్క గుంపుగా చేయడానికి అతని దగ్గర పది నిమిషాలే ఉంటాయి. నిజం చెప్పండి, చిన్నగా చెప్పండి. "ఐటీ" అంటే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు. తెలివైన జవాబు ఇవ్వాలని ప్రయత్నిస్తేనే చిక్కు. అసలు ఇష్టం లేకపోతే మూడో వరసలో, పక్క సీటులో కూర్చోండి. ఎంసీ అడిగినా నవ్వుతూ తల అడ్డంగా ఊపితే మంచివాళ్లు వెంటనే వదిలేస్తారు. మరీ వెనక వరస మాత్రం వద్దు. ఈ గదులకి వచ్చేదే దగ్గరగా చూడటానికి.

వాళ్ల యాస అర్థం కాకపోతే?

మొదటి పది నిమిషాలు కొంత జారిపోతుంది. గ్లాస్గో, న్యూకాజిల్, లివర్‌పూల్ యాసలు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకే ఒక్కోసారి కష్టం. చెవి అలవాటు పడనివ్వండి. వెళ్లే ముందు ఆ కమెడియన్ వీడియో ఏదైనా ఐదు నిమిషాలు చూస్తే సగం సమస్య తీరుతుంది. యాస కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది సందర్భం: ఎనభైల నాటి టీవీ కార్యక్రమాలు, స్కూలు భోజనాలు, ఊళ్ల మధ్య పోటీలు. అందుకే మొదటిసారి ఇంప్రొవ్‌కి వెళ్లమంటాను. అందులో సందర్భం మీ కళ్లెదుటే పుడుతుంది.

పక్కవాళ్లు నవ్వారని మీరు నవ్వక్కర్లేదు. తోచకపోతే ఊరుకోండి. ముఖం చూస్తే వినేవాళ్లెవరో కమెడియన్లకి తెలిసిపోతుంది, వింటే చాలు.

మధ్యలో నేనూ ఏదైనా అనొచ్చా?

అడిగితే తప్ప వద్దు. హెక్లింగ్, అంటే షో మధ్యలో కమెడియన్ మీద కేకలు వేయడం, ఇక్కడి సంప్రదాయమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ చిన్న గదుల్లో పక్కవాళ్లతో గుసగుస కూడా స్టేజీ దాకా వినిపిస్తుంది.

ఫోన్?

ఆఫ్ చేసి జేబులో పెట్టండి. రికార్డింగ్ అసలు చేయొద్దు. సగం ఉడికిన జోకు బయటికి పోతే అది రాసినవాళ్ల ఏడాది కష్టం పాడవుతుంది.

మన మీద, మన దేశం మీద జోకులు వేస్తే?

కొన్నిసార్లు వేస్తారు. అందులో మంచివీ ఉంటాయి, మనసుని నొప్పించేవీ ఉంటాయి. చాలా ఏళ్ల క్రితం ఓ ఎంసీ నా పేరు అడిగి, వినగానే కాల్ సెంటర్ యాస మొదలుపెట్టాడు. నేను నవ్వలేదు. కోప్పడలేదు కూడా, అతని కళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. పక్కవాళ్లూ నవ్వడం మానేశారు. అతను అది వదిలేసి వేరే వరసకి వెళ్లిపోయాడు. షో అయ్యాక తలుపు దగ్గర ఉన్న మేనేజర్‌కి జరిగింది చెప్పాను. ఆవిడ నిలబడి అంతా విని, క్షమాపణ చెప్పి, మర్నాడు ఉత్తరం కూడా రాశారు. ఇంత చిన్న చోట మీ మాట తప్పక చేరుతుంది. నొప్పి కలిగితే మింగేయకండి, చెప్పండి.

అమ్మానాన్న వచ్చి ఉన్నారు. పిల్లలూ ఉన్నారు. తీసుకెళ్లొచ్చా?

పిల్లలు కష్టం. రాత్రి షోలకి చాలావరకు 16 లేదా 18 ఏళ్లు నిండాలి, టికెట్ పేజీలోనే రాసి ఉంటుంది. మందు కొనడానికి 18. పాతికేళ్ల లోపు వయసులా కనిపిస్తే గుర్తింపు కార్డు అడగడం చాలా పబ్బుల పద్ధతి. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే చాలాచోట్ల కుదరదు.

అమ్మానాన్న విషయం మీకే తెలియాలి. బూతు లేకుండా సాగే స్టాండప్ షో ఇక్కడ అరుదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఆ మాటలు వినడం మీకు ఇబ్బందైతే ఇంప్రొవ్ లేదా పగటిపూట ఫ్యామిలీ షో చూసుకోండి. మా అమ్మకి ఇంగ్లిష్ అంతంతమాత్రమే. మాటల కంటే చేష్టలు ఎక్కువున్న స్కెచ్ షోకి తీసుకెళ్లాను. ఇంటర్వెల్‌లో కిందకి దిగనంది, సీటు పోతుందని.

మెట్లు ఎక్కలేనివాళ్లు ఎలా?

ఇది నాకు బాధ కలిగించే విషయం. పాత భవనాలు, నిటారు మెట్లు, చాలావాటికి లిఫ్ట్ లేదు. ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం వికలాంగులకి వీలైన మార్పులు చేయాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంది, కానీ నూరేళ్ల పబ్బులో లిఫ్ట్ పెట్టడం ప్రతిసారీ కుదరడం లేదు. టికెట్ కొనక ముందే ఫోన్ చేసి ఎన్ని మెట్లు, చేతిపట్టు ఉందా, టాయిలెట్ ఏ అంతస్తులో ఉందో అడగండి. మీకు సాయంగా వచ్చేవాళ్లకి ఉచిత టికెట్ ఇస్తారేమో కూడా అడగండి, చాలా థియేటర్లు ఇస్తాయి. కుదరదంటే నేల మీదే ఉండే చోట్లు చూడండి.

ఏం వేసుకోవాలి?

ఆఫీసు బట్టలతో వెళ్లిపోవచ్చు. పైన గది వేడెక్కుతుంది, కోటు విప్పేసి కూర్చోగలిగేలా లోపల పలచటి బట్టలు ఉంటే మేలు.

తిండి?

కింద పబ్బులో వండుతుంటే షోకి గంటన్నర ముందు వెళ్లి తినండి. పైకి ప్లేటు తీసుకెళ్లనివ్వరు.

మొదటిసారికి ఎక్కడికి వెళ్లమంటారు?

లిటిల్ వెనిస్‌లో బ్రిడ్జ్ హౌస్ పబ్ పైన కెనాల్ కెఫే థియేటర్ ఉంది. 1979లో మొదలైన న్యూస్‌రెవ్యూ అనే షో అక్కడ నడుస్తోంది. ఆ వారం వార్తల మీద పాటలు, స్కెచ్‌లు. ఎక్కువకాలంగా నడుస్తున్న లైవ్ కామెడీ షోగా గిన్నిస్ రికార్డు దానిదే. వెళ్లే ముందు రెండు రోజులు బ్రిటన్ వార్తలు చదవండి, రెట్టింపు నవ్వుతారు. వార్విక్ అవెన్యూ స్టేషన్‌లో దిగి కాలువ పక్కగా నడవాలి. స్టాండప్ కావాలంటే పైన చెప్పిన హెన్ అండ్ చికెన్స్, హైబరీ అండ్ ఇస్లింగ్టన్ స్టేషన్ పక్కనే.

పబ్ పేరు ఒక్కటే చూసి బయల్దేరకండి. కింగ్స్ హెడ్ పేరుతో ఇస్లింగ్టన్‌లో థియేటర్ ఉంది, క్రౌచ్ ఎండ్‌లో పబ్ కింది గదిలో కామెడీ క్లబ్ ఉంది. రెండూ వేరు. పోస్ట్‌కోడ్ చూసుకోండి.

రాత్రి ఇంటికి ఎలా?

షోలు చాలావరకు పదింటికల్లా అయిపోతాయి, కాబట్టి మామూలు రైళ్లే దొరుకుతాయి. శుక్ర, శనివారాల్లో కొన్ని లైన్లలో రాత్రంతా నడిచే మెట్రో, అంటే నైట్ ట్యూబ్ ఉంటుంది. విక్టోరియా లైన్‌లో ఉంది కాబట్టి హైబరీ నుంచి ఇబ్బంది లేదు. నార్తర్న్ లైన్‌లో ఉన్నా బ్యాంక్ వైపు శాఖలో నడవదు, అంటే ఏంజెల్ స్టేషన్‌కి నైట్ ట్యూబ్ లేదు. అక్కడ ఆలస్యమైతే ఎన్ అక్షరంతో మొదలయ్యే నైట్ బస్సు చూసుకోవాలి.

షో అయ్యాక కమెడియన్‌తో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. ఆ గదికి వెనక ద్వారం లేదు, వాళ్లూ అవే మెట్లు దిగి అదే బార్ దగ్గరకి వస్తారు. బ్యాగు సర్దుకోనివ్వండి, నీళ్లు తాగనివ్వండి. తర్వాత వెళ్లి మీకు ఏది నచ్చిందో ఆ జోకు పేరు పెట్టి చెప్పండి. "చాలా బాగుంది" అనడం కంటే "ఆ ఫ్రిజ్ సంగతి బాగుంది" అంటే వాళ్ల ముఖం వెలుగుతుంది. సెల్ఫీ కావాలంటే అడగండి, ఎక్కువ మంది సరే అంటారు. మిమ్మల్ని ముందు వరసలో పలకరించి ఉంటే మీ పేరు కూడా వాళ్లకి గుర్తుంటుంది.